ముట్లుడిగినంత మాత్రాన మంటను భరించాలా?

(నారాయణఖేడ్‌లో మహిళా సంఘాల ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, గర్భిణీల తిండి గురించో, రక్తహీనత గురించో చెబుతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. అవి ముఖ్యమైన విషయాలే. కానీ వాటి గురించి చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఎవరూ చెప్పని, ఎవరూ అడగని ఒక బాధ గురించి ఈ రోజు మాట్లాడదామని వచ్చాను.

కొంతకాలం కింద ఈ చుట్టుపక్కల ఊళ్లోనే ఒక సంఘం మీటింగు అయిపోయాక అందరూ లేచి వెళ్లిపోయారు. యాభై దాటిన ఒక అక్క మాత్రం చాప మడతపెడుతున్నట్టు నటిస్తూ ఆగింది. దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది: "అక్కా, కింద నిప్పులు పోసినట్టు అయితుంది. ఒంటికి పోవాలంటే భయమైతుంది. రాత్రి నాలుగైదు సార్లు లేస్త. ఎవ్వరికి చెప్పాలె? బిడ్డకు చెప్తనా, కోడలికి చెప్తనా?" ముట్లు ఎప్పుడు ఆగిపోయాయని అడిగాను. నాలుగేళ్లయింది అన్నది. మంట ఎన్నాళ్ల నుంచి? మూడేళ్ల నుంచి. ఆ మూడేళ్లలో ఆమె 'వేడి చేసింది' అనుకుని సబ్జా గింజలు తాగింది, ఆర్.ఎం.పి. దగ్గర సూదులు వేయించుకుంది, మెడికల్ షాపులో దురద మందు కొనుక్కుంది. ఏం జరుగుతోందో ఆమెకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆమె కథ నాకు కొత్తగా అనిపించలేదు. 48 ఏళ్ల వయసులో నాదీ అదే కథ. పట్నంలో డాక్టరు దగ్గరికి వెళితే కనీసం పరీక్ష కూడా చేయకుండా "ఈ వయసులో ఇంతేనమ్మా" అని పంపించేశారు. చదువుకున్నదాన్ని, నలుగురిలో మాట్లాడగలదాన్ని, నేనే నోరు మూసుకుని బయటికి వచ్చాను. అప్పుడు నాకు తెలియనిది ఏమిటంటే, ఇది 'ఇంతే' కాదు. దీనికి కారణం ఉంది, పేరు ఉంది, మందు ఉంది. ఈ మూడూ తెలుసుకోవడం మన హక్కు.

ముందు కారణం చూద్దాం. మన అండాశయాల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తయారవుతుంది. ముట్లు రావడానికీ, పిల్లలు పుట్టడానికీ మాత్రమే అది పనికొస్తుందని అనుకుంటాం. కాదు. యోని లోపలి పొరను మందంగా, తడిగా, సాగేలా ఉంచేది అదే. మూత్రం బయటికి వచ్చే దారినీ, మూత్రాశయం అడుగు భాగాన్నీ బలంగా ఉంచేదీ అదే. ఆ హార్మోను ఉన్నంతకాలం యోనిలో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు బతుకుతాయి. పాలు తోడుకునేలా చేసే జాతి సూక్ష్మజీవులే అవి. పెరుగులాగే అక్కడ కూడా పులుపును తయారు చేస్తాయి. ఆ పులుపులో రోగం తెచ్చే క్రిములు బతకలేవు.

మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్లకు ముట్లు ఆగిపోతున్నాయి. పశ్చిమ దేశాల్లో 51 ఏళ్ల దాకా వస్తాయి. ముట్లు ఆగాక ఈస్ట్రోజన్ బాగా తగ్గిపోతుంది. యోని పొర పలచబడుతుంది, ఎండిపోతుంది. నడిచినా, కూర్చున్నా ఒరుసుకుంటుంది. మంట, దురద, కలిసినప్పుడు నొప్పి, ఒక్కోసారి కొంచెం రక్తం. మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి పులుపు పోతుంది. మలద్వారం దగ్గర ఉండే క్రిములు సులువుగా మూత్రం దారిలోకి చేరతాయి. మాటిమాటికీ మూత్రం రావడం, వస్తే ఆగకపోవడం, పోసేటప్పుడు మంట, దగ్గినా తుమ్మినా బట్ట తడిసిపోవడం మొదలవుతాయి.

ఇదివరకు డాక్టర్లు యోని ఎండిపోవడాన్ని ఒక రోగంగా, మూత్రం బాధను ఇంకో రోగంగా చూసేవాళ్లు. రెండింటికీ మూలం ఒకటే కాబట్టి, 2014లో వైద్య సంఘాలు రెండింటినీ కలిపి ఒకే పేరు పెట్టాయి. ఇంగ్లీషులో దాన్ని 'జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్' అంటారు. ఆ పేరు మనం బట్టీ పట్టనక్కర్లేదు. ముట్లుడిగిన స్త్రీలలో దాదాపు సగం మందికి ఈ బాధ ఎంతో కొంత ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒంట్లో ఆవిర్లు రావడం, చెమటలు పట్టడం కొన్నేళ్లకు చాలామందికి తగ్గిపోతాయి. ఇది మాత్రం దానంతటది తగ్గదు. వైద్యం చేయకపోతే ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది.

మరి ఈ బాధతో ఆస్పత్రి మెట్లెక్కిన స్త్రీకి ఏం దొరుకుతోంది? మూత్రం పరీక్ష చేయకుండానే యాంటీబయాటిక్ గోళీలు రాస్తారు. నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, నెలకు మళ్లీ వస్తుంది, మళ్లీ గోళీలు. కొన్నాళ్లకు ఆ గోళీలకు క్రిములు లొంగవు. దురద అంటే స్టిరాయిడ్ కలిసిన మందు చేతిలో పెడతారు. అసలే పలచబడిన చర్మం దానితో ఇంకా పలచబడుతుంది. కొన్నిచోట్ల "నీ మొగుడు ఎక్కడ తిరిగి అంటించాడు?" అని నలుగురి ముందు అడుగుతారు. ఆ మాట పడ్డ స్త్రీ మళ్లీ ఆస్పత్రికి రాదు.

అన్నిటికంటే ప్రమాదమైన మాట ఇంకొకటుంది. "గర్భసంచి పాడైంది, తీసేస్తే అన్నీ పోతాయి." ఈ మాట విననివాళ్లు మనలో ఎంతమంది? చేతులెత్తమంటే ఎక్కువ చేతులు లేవవని నాకు తెలుసు.

2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అంటే దేశంతో పోలిస్తే రెండింతలు దాటి. దేశంలో ఈ ఆపరేషన్ జరిగిన స్త్రీల మధ్యస్థ వయసు 34 ఏళ్లు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగాయి. 34 ఏళ్లంటే మన పెద్దబిడ్డ ఈడు!

గర్భసంచి తీయాల్సిన జబ్బులు ఉన్నాయి. క్యాన్సర్ ఉండొచ్చు. మందులకు లొంగని రక్తస్రావం ఉండొచ్చు. అప్పుడు ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. కానీ తెల్లబట్టకో, మంటకో, మూత్రం బాధకో గర్భసంచి తీయడం ఏ వైద్యశాస్త్రం? ఈస్ట్రోజన్ తగ్గినందువల్ల వచ్చే మంట గర్భసంచి తీస్తే పోదు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, 34 ఏళ్లకే ముట్లుడిగిన దశ ఒక్కసారిగా మీద పడుతుంది. యాభైకి రావాల్సిన మంట, ఎండిపోవడం, ఎముకలు గుల్లబారడం పదిహేనేళ్లు ముందే మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి మామూలుకంటే ముందే పని మానేస్తాయి. ఏ బాధ పోతుందని ఆపరేషన్‌కు ఒప్పుకుందో, ఆ బాధనే అప్పు చేసి కొనుక్కున్నట్టవుతుంది.

అనవసరంగా గర్భసంచులు తీయడం మీద డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకు వెళ్లారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఆపరేషన్ల గురించి ఆ కేసు. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు ఇచ్చింది. అనవసరపు ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని చెప్పింది. ఈ ఆపరేషన్ల మీద నిఘాకు జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో కమిటీలు ఉండాలని ఆ మార్గదర్శకాల్లో ఉంది. మన జిల్లా కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, ఏం లెక్కలు చూశారు అని సంఘం తరఫున దరఖాస్తు పెట్టి అడగొచ్చు. మనం అడగకపోతే కమిటీ కాగితం మీదే ఉండిపోతుంది.

ఇక వైద్యం సంగతి. ఇంట్లో చేసుకోగలిగినవి ముందు చెబుతాను.

అక్కడ సబ్బు, డెట్టాల్, పటిక నీళ్లు, వేపాకు కషాయం వాడొద్దు. పైభాగం మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. లోపల కడగొద్దు, ఏదీ పెట్టొద్దు. పెరుగులోని సూక్ష్మజీవుల మాట చెప్పాను కదా అని పెరుగు కూడా పెట్టొద్దు. మెత్తని నూలు బట్ట వాడండి, తడిబట్ట మార్చుకోండి. పైన ఎండిపోయి ఒరుసుకుంటుంటే స్వచ్ఛమైన కొబ్బరి నూనె కొంచెం రాసుకోవచ్చు. భార్యాభర్తలు కలిసేటప్పుడు కూడా అది పనికొస్తుంది. కానీ నిరోధ్ వాడేవాళ్లు నూనె వాడకూడదు, అది చిరిగిపోతుంది. వాళ్లకు మందుల షాపులో నీటితో చేసిన జెల్లీ దొరుకుతుంది.

మూత్రం ఆపుకోలేనివాళ్లు చేయాల్సిన వ్యాయామం ఒకటుంది. ఒంటికి వస్తుంటే ఎలా బిగబడతామో, అలా కింది కండరాలను బిగించి, ఐదు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. కూర్చుని బియ్యం ఏరుతూ కూడా చేయొచ్చు, ఎవరికీ తెలియదు. మూడు నెలలు విడవకుండా చేస్తే తేడా కనిపిస్తుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం అలవాటు చేసుకోవద్దు.

వీటితో తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. మూత్రం పరీక్ష, షుగరు పరీక్ష చేయమని అడగాలి. షుగరు ఉన్నవాళ్లకు కూడా మంట, దురద, మాటిమాటికీ మూత్రం వస్తాయి కాబట్టి అదేమో తేలాలి. గర్భసంచి జారిందా అనేది పరీక్ష చేసి చూడాలి. ఇవేవీ కాదు, ఈస్ట్రోజన్ తగ్గడం వల్లేనని తేలితే, యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ మందు ఉంది. ఈస్ట్రియాల్ అనే పేరుతో ట్యూబులో వస్తుంది. మామూలుగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు పెట్టుకోమంటారు. కొన్ని వారాల్లో మంట తగ్గుతుంది. పూర్తి గుణం కనిపించడానికి రెండు, మూడు నెలలు పట్టొచ్చు. మానేస్తే బాధ మళ్లీ వస్తుంది.

'హార్మోను' అనగానే చాలామంది భయపడతారు. మింగే హార్మోను గోళీలు వేరు, ఇది వేరు. ఇది చాలా తక్కువ మోతాదు, రాసినచోటే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా కొద్ది. అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు తమ క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడకూడదు. ఎందుకో తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు ఆ సంగతి తేల్చుకున్నాకే వాడాలి. పక్కింటామెకు రాసిన ట్యూబును అరువు తెచ్చుకోవద్దు.

ఇది కొత్తగా కనిపెట్టిన మందు కూడా కాదు. 1993లోనే ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. ముట్లుడిగాక మాటిమాటికీ మూత్రం ఇన్ఫెక్షన్ వస్తున్న 93 మంది స్త్రీలను తీసుకుని, కొందరికి ఈస్ట్రియాల్, మిగతావారికి మందు లేని ఉత్త క్రీము ఇచ్చారు. ఉత్త క్రీము వాడినవాళ్లకు ఏడాదికి సగటున ఆరుసార్ల దాకా ఇన్ఫెక్షన్ వచ్చింది. మందు వాడినవాళ్లకు రెండేళ్లకు ఒక్కసారి లెక్కన వచ్చింది. ఇంత స్పష్టంగా తెలిసిన సంగతి 30 ఏళ్లు దాటినా మన కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద మండలాల స్త్రీ దాకా ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న వైద్యానికి సంబంధించింది మాత్రమే కాదు, హక్కులకు సంబంధించింది.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే అది క్యాన్సర్ గుర్తు కావచ్చు. "మళ్లీ ముట్లు వచ్చినయి, మంచిదే" అనుకోవద్దు. మూత్రంలో రక్తం, మానని పుండు, గడ్డ, తెల్లమచ్చలతో విపరీతమైన దురద ఉంటే చూపించుకోవాలి. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులతో మూత్రం మంట వస్తే ఆ రోజే వెళ్లాలి, అది మూత్రపిండాలకు పాకి ఉండొచ్చు.

ఇప్పుడు మన బతుకుల సంగతి కూడా చెప్పుకోవాలి. నీళ్లు బాగా తాగమని, మూత్రం ఆపుకోవద్దని డాక్టరు సులువుగా చెబుతాడు. పత్తి ఏరే చేనులో, చెరకు నరికే తోటలో చాటు ఎక్కడుంది? తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లడం అలవాటైన స్త్రీ పగలంతా నీళ్లు తాగడమే మానేస్తుంది. మరుగుదొడ్డి కట్టినా, నీళ్లు మోసుకొచ్చేది ఆమే కాబట్టి తాను పోసుకోవడానికి వెనకాడుతుంది. తండాల్లోంచి చెరకు నరకడానికి నెలల తరబడి వలసపోయే ఆడవాళ్ల గుడిసెల దగ్గర ఆ మాత్రం కూడా ఉండదు. అందుకే ఈ మంట ఒంటి లోపలి హార్మోనుతో మొదలైనా, దాన్ని పెంచేది బయటి నీళ్ల కరువూ, చాటు లేని పనిచోటూ. పనిచోట మరుగు, తాగునీళ్లు అడగడం కూడా ఈ వైద్యంలో భాగమే.

ఇంకో మాట చెప్పడానికి మనకు ఇబ్బందే, అయినా చెప్పాలి. యోని ఎండిపోయిన స్త్రీకి భర్తతో కలవడం నరకంగా ఉంటుంది. వద్దంటే "ముసలిదానివైనవు" అని ఒకడంటాడు, "ఇంకెవరున్నరు?" అని అనుమానపడి ఇంకొకడు కొడతాడు. నొప్పి భరించి ఊరుకునేవాళ్లే ఎక్కువ. వద్దనే హక్కు ఆమెకు ఉంది. 2005 గృహహింస నిరోధక చట్టం లైంగిక హింసను కూడా గృహహింసగానే చూస్తుంది. కావాలనుకునే హక్కు కూడా ఆమెకు ఉంది. యాభై దాటాక స్త్రీకి ఆ కోరిక ఉండదని, ఉండకూడదని ఎవరు రాశారు? నొప్పి లేకుండా ఉండటానికి మందు అడిగే స్త్రీని చూసి నవ్వే నర్సమ్మలకు, మనలో మనకు కూడా ఈ మాట చెప్పాలి.

చివరిగా ఒక సంగతి. నేను చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్త్రీలను ప్రశ్నలు అడిగేది 49 ఏళ్ల వరకే. ఆపై వయసువాళ్లను ఆ ప్రశ్నలు అడగరు. పిల్లల్ని కనే వయసు దాటితే ఆ లెక్కలోంచి మనం జారిపోతాం. లెక్కలో లేనివాళ్లకు మందులు ఎవరు తెప్పిస్తారు? తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, మంగళవారాల్లో స్త్రీలకు ప్రత్యేకంగా క్లినిక్కులు పెడతామంది. ముట్లుడిగే దశ సమస్యలను, మూత్రం ఇన్ఫెక్షన్లను ఆ సేవల్లో చేర్చింది. ఆ మాట మనకు పట్టు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఏ రోజు చూస్తారు, ఎవరు చూస్తారు, ఈస్ట్రియాల్ ట్యూబు ఉందా అని అడగండి. లేకపోతే లేదని రాసివ్వమనండి.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రాన్ని కూడా గుర్తుపెట్టుకోండి. రోగం ఏమిటో, వైద్యం ఏమిటో మనకు తెలిసేలా చెప్పించుకునే హక్కు, కాగితాలు తీసుకునే హక్కు, ఇంకో డాక్టరును అడిగే హక్కు అందులో ఉన్నాయి. మగ డాక్టరు పరీక్షిస్తున్నప్పుడు ఇంకో స్త్రీ దగ్గర ఉండాలని కూడా ఉంది. ఆ స్త్రీ మనలో ఒకరు ఎందుకు కాకూడదు?

మీరు ఊళ్లకు వెళ్లాక మూడు పనులు చేయమని కోరుతున్నాను. సంఘం మీటింగులో నలభై దాటినవాళ్లను విడిగా కూర్చోబెట్టి ఈ మాటలు వాళ్ల భాషలో చెప్పండి, తెలుగో, లంబాడీయో, కన్నడమో, ఉర్దూనో. గర్భసంచి తీయాలని ఎవరికైనా చెబితే, సంతకం పెట్టే ముందు ప్రభుత్వ ఆస్పత్రిలో ఇంకో డాక్టరుకు చూపించండి, తోడు వెళ్లండి. బాధ ఉన్నవాళ్లు ఎంతమంది, ఏం మందు దొరికింది, ఏం మాట పడ్డారు అనేది పేర్లు లేకుండా రాసిపెట్టండి. మన లెక్క మనమే రాసుకుందాం.

మొదట చెప్పిన ఆ అక్కను ఆస్పత్రికి తీసుకెళ్లాం. పరీక్షలు అయ్యాయి, ట్యూబు రాశారు. మూడు నెలల తర్వాత కనిపించి, "రాత్రి ఒక్కసారే లేస్తున్న" అన్నది. తర్వాత కొంచెం కోపంగా అడిగింది, "మూడేండ్లు నాకెందుకు ఎవ్వరూ చెప్పలే?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇంకో అక్క మనల్ని ఆ ప్రశ్న అడగకుండా చూడటమే మనం చేయగలిగిన పని.

సెలవు.